దొరికింది గోడ మీద పది చీటీలు

చవక దుకాణమంటే ముక్కు చిట్లించేవాళ్లు బోలెడుమంది. లోపలికి వెళ్లి ఉత్త చేతులతో బయటికొచ్చినవాళ్లు ఒక్కరుంటే చూపించండి! ఉప్పు కోసం వెళ్తారు. ఉప్పు తప్ప అన్నీ కొనుక్కొస్తారు. మర్నాడు మళ్లీ ఉప్పు కోసం వెళ్తారు.

అలాంటి దుకాణమే అది. పెద్ద గొడౌను లాంటి హాలు, పొడుగ్గా తొమ్మిది వరసలు, అట్టపెట్టెల మూతలు కోసేసి పెట్టెలతో సహా అరల్లోకి తోసేసిన సరుకు. ఆర్భాటం ఏమీ ఉండదు. బయటికెళ్లే తలుపు పక్కన మాత్రం ఒక గోడ ఉంది. దాని మీద అడ్డంగా తీగలు కట్టారు, తీగలకి బట్టలారేసే క్లిప్పులు. పైన నీలం రంగుతో పెద్ద అక్షరాలు: దొరికింది. ఎవరికి ఏ మంచి వస్తువు దొరికితే వాళ్లు ఒక చీటీ మీద రాసి అక్కడ తగిలించి వెళ్తారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటి గాలికి చీటీలన్నీ ఒక్కసారి పైకి లేచి, మళ్లీ నిదానంగా గోడకి ఆనుకుంటాయి. సంచులు బరువుగా ఉన్నా సరే, జనం అక్కడ ఆగి చదువుకుంటారు.

"మూడో వరసలో నల్ల చాక్లెట్టు. పిల్లలకి చెప్పకండి."

"ఉప్పు బిస్కెట్లు. నోట్లో ఉన్నంతసేపూ మా ఆయన మాట్లాడలేదు. రెండు డజన్లు కొన్నాను."

"డబ్బా బఠాణీలు. చుట్టాలు చెప్పకుండా వచ్చిన రోజున దేవుడు ఇలాగే ఉంటాడు."

ఈ దుకాణంలో సరుకు సర్దే పనిలో ఏడేళ్లుగా ఉంది వదిన. ఎవరికి వదినంటే, అసలు ఒక్క ఆడపడుచుకే. కానీ ఆ పిల్ల వీధి మొదట్నించే "వదినా!" అని కేకేసి కేకేసి, వీధికంతటికీ ఆవిడ వదినైపోయింది. పాలవాడికీ వదినే, పక్కింటి ముసలాయనకీ వదినే.

ఆ ఆడపడుచు బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొయ్యిల దగ్గర పనిచేసేది. పనంటే, వాసన చూడటం. బెల్టు మీద బిస్కెట్లు వరసగా కదిలి వస్తుంటే కుర్చీలో కూర్చుని, "మూడో పొయ్యి ఎక్కువైంది, తగ్గించండి" అనేది. ఆ తర్వాత రెండు నిమిషాలకి గానీ మిషను గంట కొట్టేది కాదు. అందుకే ఫ్యాక్టరీలో ఆమెని అందరూ ముక్కు అనేవారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చి అక్కడే స్థిరపడిపోయింది.

ఇంట్లో ముక్కు వల్ల వదిన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. సాయంత్రం చెప్పులు విప్పకముందే మొదలు.

"వచ్చిందమ్మా అట్టపెట్టె! దూరం, దూరం జరుగు!" అని ముక్కు మూసుకునేది. ఆ తర్వాత వేళ్లు తీసి, గాలి పీల్చి, తీర్పు చెప్పేది. "ఇవాళ సబ్బులు. ఆగాగు... మధ్యలో ఉల్లిపాయల వైపు కూడా వెళ్లావు కదూ?"

నిజమే అయ్యేది. అదే వదినకి ఒళ్లు మంట. రోజంతా నిలబడి నడుం విరిగి ఇంటికొస్తే ఈ పరీక్ష ఏమిటి? "నీకు మొగుడు దొరకాలంటే ముందు ఆ ముక్కు కోయించుకోవాలే తల్లీ" అనేసి స్నానానికి వెళ్లిపోయేది. లోపల మాత్రం ఉడుక్కునేది. రెండుసార్లు సబ్బుతో చేతులు తోముకునేది.

ఐదు నెలల కిందట ముక్కుకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులుండి పోయింది. పోతూ పోతూ వాసననీ రుచినీ మూట కట్టుకుపోయింది.

ముద్ద నోట్లో పెట్టుకుంటే తడిసిన కాగితం నమిలినట్టుందనేది ముక్కు. పంచదారా అంతే, మిరియాలూ అంతే. సాయంత్రాలు వదిన ఇంటికొస్తే ఏమీ అనేది కాదు. కుర్చీలో కూర్చుని, "వచ్చావా వదినా" అనేది, అంతే. ఏ మాట పడలేక ఏడేళ్లు ఉడుక్కుందో, ఆ మాట లేక వదినకి ఇల్లు ఇల్లులా లేదు. మొదటి వారం హాయిగా ఉందనుకుంది, అబద్ధమెందుకు. రెండో వారానికి గుమ్మంలో చెప్పులు విప్పుతూ కాసేపు ఊరికే నిలబడటం మొదలుపెట్టింది.

డాక్టరు ఒక్క మాటే చెప్పాడు. "రోజూ ఘాటైనదేదో ఒకటి నాలిక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకో. వస్తుంది."

"ఎప్పుడండీ?"

"వచ్చినప్పుడు."

ఫ్యాక్టరీ వాళ్లు పాపం మంచివాళ్లే, ఐదు నెలలు ఆగారు. ఇంక ఆగలేమన్నారు. వచ్చే నెల ఒకటో తారీఖున పిలిచారు. పన్నెండు బిస్కెట్లు వరసగా పెడతారట. ఏది మాడిందో, ఏది పచ్చిగా ఉందో, ఏ నూనె పాతబడిందో చెప్తే ఆ కుర్చీ ముక్కుదే. చెప్పలేకపోతే అట్టపెట్టెలు అంటించే గదిలో పని ఇస్తారు. జీతంలో పెద్ద తేడా లేదు. అయినా ఆ ఉత్తరం చదివిన రోజు ముక్కు గోడవైపు తిరిగి పడుకుంది.

వదిన ఊరుకునే మనిషి కాదు. దుకాణంలో ఘాటైనది ఏది కనబడితే అది ఇంటికి మోసుకొచ్చింది. వెనిగరు, ఆవపిండి, కళ్లల్లో నీళ్లు తెప్పించే మిరియాల సాసు. దేనికీ చలనం లేదు. చివరికి ఆరో వరసలో, కింద అరలో, మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనబడని చోట, నల్ల మూతల సీసాలు కొన్ని కనిపించాయి. నారింజ తొక్కల జామ్. చిక్కటి తేనె రంగు, లోపల లావాటి తొక్క ముక్కలు. ఏడాదిగా కదలని సరుకు, మూతల మీద దుమ్ము. ఒకటి తెచ్చింది.

ముక్కు చెంచాడు నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

"చేదు" అంది.

"ఏంటీ?"

"చేదుగా ఉంది వదినా! ఛీ ఛీ, ఎంత చేదో!" అంటూ ఇంకో చెంచా తీసుకుంది. కళ్లమ్మట నీళ్లు. వదిన కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

రాత్రంతా బస్సు నడిపొచ్చి పడుకున్న వదిన మొగుడు ఈ గోలకి లేచొచ్చాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "చేదుగా ఉంటే పారెయ్యండి. దానికి ఏడవడమెందుకే?" అనేసి మళ్లీ వెళ్లి పడుకున్నాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఒక చెంచా. వంటింటి కిటికీ దగ్గర బల్ల, దాని మీద పసుపు రంగు ఎండ పడే వేళ. ముక్కు కళ్లు మూసుకుని చెంచా నోట్లో ఉంచుకునేది. ఆ తర్వాత ఎక్కడో దూరం నుంచి చెప్తున్నట్టు చెప్పేది.

"పక్కగదిలో ఎవరో నారింజ వలుస్తున్నారు వదినా. తలుపు వేసుంది."

మరో రోజు, "వాన వెలిసింది. మేడ మెట్లు తడిగా ఉన్నాయి. పైన ఎవరూ లేరు."

ఇంకో రోజు, "బళ్లో పెన్సిలు చెక్కుతున్నాం. చెక్కు తీసి పుస్తకంలో దాచుకున్నాను."

వదిన గడ్డం కింద చేతులు పెట్టుకుని వినేది. ఎండ బల్ల మీంచి నేల మీదకీ, నేల మీంచి గోడ మీదకీ పాకేది. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి సగమయ్యేవి. లేచి చూసుకోవాలని ఇద్దరికీ తోచేది కాదు. తలుపు వెనక ఉన్నది కొంచెం కొంచెం దగ్గరవుతోందని ముక్కు అంటుంటే, వదినకీ ఆ తలుపు కనబడేది.

అలా ఉండగా దుకాణం మేనేజరు ఒక కబురు చెప్పాడు. ఆయన జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది. అరల మధ్య ఖాళీ కనబడితే కొలవకుండా ఉండలేడు. అందుకని టేపాయన అంటారు. ఆరో వరస కింద అర కొలుస్తూ అన్నాడు.

"ఈ నారింజ తొక్కలది ఇంక తెప్పించను. ఉన్నవి వచ్చేవారం వెనక్కి పంపేస్తాను. ఏడాదైనా కదలని సరుకుకి ఇరవయ్యో తారీఖులోగా గోడ మీద పది చీటీలు పడకపోతే అది మన దగ్గర ఉండదు, నీకు తెలుసుగా."

తెలుసు. ఆ సీసాకి గోడ మీద ఉన్నది ఒక్కటే చీటీ. "నల్ల మూత సీసా దొరికింది. ఎందుకు దొరికిందా అనిపించింది. మా అత్తగారికిచ్చాను."

పనిచేసేవాళ్లు గోడ మీద చీటీ రాయకూడదు. అది రూలు. ఏడేళ్లలో ఒక్క రూలూ దాటని మనిషి, ఆ సాయంత్రం కాగితాలు ముక్కలు చేసుకుని కూర్చుంది. ముందు "నారింజ తొక్కల జామ్ చాలా బాగుంది" అని రాసింది. చదువుకుంది. చదివి ఎవరికైనా కొనాలనిపిస్తుందా? తనకే అనిపించలేదు. తన దగ్గర మాటల్లేవు. మాటలున్నది ముక్కు దగ్గర.

అందుకని ముక్కు మాటలే రాసింది. ఆకుపచ్చ ఇంకుతో ఒకటి, పెన్సిలుతో ఒకటి, ఎడంచేత్తో వంకరటింకరగా ఒకటి. రోజుకొకటి చొప్పున, దుకాణం తలుపులు తెరవకముందు, అద్దాల మీద ఇంకా మంచు ఉండగానే, ఎవరూ చూడకుండా తగిలించేది. "నారింజ తొక్కల జామ్. ముందు చేదు. ఆగండి. పక్కగదిలో ఎవరో నారింజ వలుస్తారు." "ఆరో వరస, కింద అర. వాన వెలిశాక మేడ మెట్లెక్కినట్టుంది." "ఒక్క చెంచా. మీ చిన్నప్పటి పెన్సిలు చెక్కు మీకే దొరుకుతుంది."

ఇరవయ్యో తారీఖున టేపాయన లెక్కపెట్టాడు. వదిన రాసినవి పది. అత్తగారి చీటీ కూడా లెక్కేసుకుంటే పదకొండు. "ఆశ్చర్యంగా ఉందే!" అని కొత్త సరుకుకి రాసేశాడు. బండి వచ్చే నెల పదో తారీఖు తర్వాత వస్తుందన్నాడు. ఈలోపు అరలో ముప్ఫై ఎనిమిది సీసాలున్నాయి. వదిన గుండె మీంచి బరువు దిగిపోయింది. ఇంట్లో సీసా అడుగంటుతోంది, శనివారం పని అయ్యాక ఇంకోటి కొనుక్కుంటే ఒకటో తారీఖు దాకా సరిపోతుంది. తొందరేముంది? ఏడాదిగా కదలని సీసాలు ఎక్కడికి పోతాయి?

చూశారా తెలివి! టేపాయన లెక్కపెట్టడానికని రాసింది గానీ, గోడ ఉన్నది జనం చదవడానికన్న సంగతి మర్చిపోయింది. ఏడేళ్లు ఆ గోడ పక్కనుంచి నడిచిన మనిషి!

శనివారం పొద్దున తలుపులు తెరిచేసరికి గోడ ముందు పదిమంది నిలబడి ఉన్నారు. నెమ్మదిగా చదువుకుంటున్నారు. ఒకావిడ పెదవులు కదుపుతూ చదివింది. ఒక కుర్రజంట ఒకే చీటీని ఇద్దరూ పట్టుకుని చదివారు. ఆ తర్వాత అందరూ, నిద్రలో నడిచినట్టు, ఆరో వరస వైపు కదిలారు. ఫ్రీజర్లు ఎప్పటిలాగే సన్నగా మూలుగుతున్నాయి. సరుకులేసుకునే తోపుడు బళ్ల చక్రాలు గచ్చు మీద మెత్తగా దొర్లుతున్నాయి. ఒక్కొక్కరూ మోకాళ్ల మీద కూర్చోవడం, నల్ల మూత దుమ్ము చీరచెంగుతోనో చొక్కా చేత్తోనో తుడవడం, సీసాని దీపానికెత్తి లోపలికి చూడటం. తొక్కల మధ్యనుంచి వెలుగు వచ్చి వాళ్ల మొహాల మీద పడింది. సబ్బుల వరసలో నిచ్చెన మీంచి అది చూస్తున్న వదినకి, ఒక్క క్షణం, ఎంత బాగుందో అనిపించింది.

మరుక్షణం రూలు గుర్తొచ్చింది. పనిచేసేవాళ్లు పని అయ్యాకే కొనుక్కోవాలి. వదిన పని మూడింటికి అవుతుంది. అప్పటికింకా పదిన్నర.

"అమ్మా, కాఫీపొడి అర ఖాళీ అయిపోయింది, ఆ పెట్టెలు నువ్వు సర్దు" అన్నాడు టేపాయన. కాఫీ అర ఆరో వరసకి ఎదురుగానే. వదిన కత్తితో పెట్టె కోస్తూ ఒక కన్ను సీసాల మీదే వేసింది. ఇరవై. పదిహేను. ఎవరో ఒకాయన ఒక్కసారే నాలుగు తీసుకున్నాడు. "అయ్యో!" అని పైకే అనేసింది. ఆ విసురుకి కత్తి లోతుగా దిగి పొట్లం ఫటేలున పగిలింది. పొడి చేతుల మీద, చీర మీద, మెడ మీద పడింది. దులుపుకుంది. మళ్లీ చూసింది. తొమ్మిది.

రెండుంబావుకి ఒక్క సీసా మిగిలింది. ముప్పావుగంట. ఎవరూ రాకూడదని వదిన మొక్కని దేవుడు లేడు.

వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరు తాత వచ్చాడు. కళ్లజోడు సరిచేసుకుని, కష్టం మీద వంగి, ఆ సీసా తీసుకున్నాడు. మెడలో కొలత టేపు ఇంకా అలాగే ఉంది.

"ఇది నిజంగా బాగుంటుందా అమ్మా? గోడ మీద ఎవరో పెన్సిలు చెక్కు అని రాశారు. అది చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. మా బళ్లో పంతులుగారు నా పెన్సిలు చెక్కిపెట్టేవారు."

చేదండీ, దండగ, తీసుకోకండి అంటే చాలు. తాత పెట్టేసి వెళ్లిపోయేవాడు. మాట గొంతుదాకా వచ్చింది. ముక్కు గోడవైపు తిరిగి పడుకున్న రోజు కళ్లముందుకొచ్చింది. కానీ ఆ మాటలు నమ్మి, నడవలేక నడవలేక వచ్చిన మనిషితో, అవి రాసినావిడే అబద్ధమెలా ఆడుతుంది?

"చేదుగా ఉంటుంది తాతగారూ" అంది. "కానీ తొందరపడకండి. కళ్లు మూసుకుని కాసేపు ఉంచుకోండి. బాగుంటుంది."

తాత సీసాని సంచిలో కాకుండా చొక్కా జేబుకి ఆనించి పట్టుకుని వెళ్లాడు. తలుపు తెరుచుకుంది. గోడ మీద చీటీలన్నీ లేచి, వాలాయి.

మూడున్నరకి వదిన ఇల్లు చేరింది. గుమ్మంలో చెప్పులు విప్పింది గానీ లోపలికి అడుగు పడలేదు. వంటింటి బల్ల దగ్గర ముక్కు కూర్చుని ఉంది. ముందు ఖాళీ సీసా, పక్కన కడిగిన చెంచా.

"తెచ్చావా?"

"లేదు" అంది వదిన. అక్కడే గుమ్మానికి ఆనుకుని, ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. చీటీలు, ఎడంచేతి రాత, ముప్ఫై ఎనిమిది సీసాలు, టైలరు తాత. "నేనే అమ్మేశానే. ఒక్కటి కూడా మిగల్చకుండా నా చేతులారా అమ్మేశాను. కొత్తవి పదో తారీఖు దాటాక గానీ రావు. నీ నోటి దగ్గరది ఊరందరికీ పంచిపెట్టాను. తిట్టు. నాలుగు తిట్టు, పడతాను."

ముక్కు తిట్టలేదు. "నా మాటలు గోడకి తగిలించావా?" అంది మెల్లగా. "జనం చదివారా?"

"చదవడమేమిటి, మోకాళ్ల మీద కూర్చుని మరీ కొన్నారు."

వదిన లోపలికొచ్చి పక్క కుర్చీలో కూలబడింది. ముక్కు చటుక్కున వెనక్కి జరిగింది.

"దూరం జరుగు" అంది.

వదిన మొహం పాలిపోయింది. కోపం వచ్చిందన్నమాట. రాదా మరి? చేసిన పని అలాంటిది. లేవబోయింది.

"దూరం జరగమంటున్నానా! అట్టపెట్టె వాసన!"

వదిన లేవబోయినది అలాగే ఆగిపోయింది.

"ఒద్దే తల్లీ" అంది వదిన. "నా మీద జాలిపడి అనకు. అంతకన్నా తిట్టినా బాగుంటుంది."

ముక్కు కళ్లు మూసుకుంది. మొహం కొంచెం పైకెత్తి, గాలిని కొద్దికొద్దిగా లోపలికి తీసుకుంది. కిటికీలోంచి పసుపు ఎండ బల్ల మీదకి వచ్చి, ఖాళీ సీసాలో నిండి, చెంచా మీద ఆగింది. వదిన ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఏడేళ్లుగా తనది సబ్బుల వరస. ఊహించి చెప్పేదైతే సబ్బులే అంటుంది. సబ్బులు అనకూడదు. దేవుడా, సబ్బులు అనకూడదు.

"ఇవాళ సబ్బులు..." అంది ముక్కు.

వదిన కళ్లు దించుకుంది.

"ఆగాగు. సబ్బులు పొద్దున. ఆ తర్వాత..." ముక్కు ముందుకి వంగి వదిన చెయ్యి పట్టుకుంది, మణికట్టు దగ్గరికి మొహం తెచ్చింది. "కాఫీపొడి. పొట్లం పగలగొట్టావు. చీర మీద కూడా పోసుకున్నావు. ఎంత మాడ్చి వేయించార్రా బాబూ ఈ గింజల్ని, ఆ పొయ్యి దగ్గర కూర్చున్నవాడెవడో గానీ వాడికి ముక్కే లేదు!"

కళ్లు తెరిచి చూసింది. తను ఏమందో తనకి అప్పుడే తెలిసినట్టు నోటి మీద చెయ్యి వేసుకుంది.

వదిన ఏడుస్తోంది. నవ్వుతోంది. కొంగుతో మొహం తుడుచుకోబోయి, కొంగు నిండా కాఫీపొడి అని గుర్తొచ్చి, తుడుచుకోలేదు. లేచి వెళ్లి చేతులు కడుక్కోవాలని కూడా అనిపించలేదు. కుర్చీని బరబరా ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఇంకోసారి అనవే" అంది. "ముందు నుంచి. వచ్చిందమ్మా అట్టపెట్టె అను."